వాన పడని లోయలో తడి

కేలాంగ్ దగ్గరి లోయ
27 నవంబర్ 2024

యాకోబు మామకు గ్లోరీ వందనాలు.

నువ్వు అడగబోయేవి ముందే చెప్పేస్తాను. తింటున్నాను. మంకీ క్యాప్ పెట్టుకుంటున్నాను. ఆదివారం పొద్దున ఒక పాట పాడుకున్నాను, చర్చి లేదు గానీ కొండలున్నాయి. ఇక తిట్టడానికి నీకేమీ మిగల్లేదు.

ఫోన్ చేయలేదని అలగకు. ఈ లోయలో సిగ్నల్ లేదు. ఉన్నా ఏం లాభం? మిషను మోతకు నీ చెవులు ఎప్పుడో పోయాయి. నేను అరవడం, నువ్వు "ఆఁ? ఏంది?" అనడం, చివరికి ఇద్దరికీ గొంతు నొప్పి. అమ్మ పోయాక నీ ఇంట్లో, నీ కుట్టుమిషను పక్కనే పెరిగినదాన్ని. నీకు చెప్పాల్సినవి అరిచి చెప్పలేను. మా డ్రైవర్ మంజునాథ్ ఊళ్లో గది తీసుకుని ఉన్నాడు. డీజిల్, కూరగాయలు తెచ్చినప్పుడు ఉత్తరాలు పట్టుకెళ్తాడు.

బండి బాగా వచ్చింది మామా. చిరాగ్‌పల్లి షెడ్డులో చూసినప్పుడు పికప్ వెనక పెట్టె కట్టినట్టు ఉండేది కదా, ఇక్కడ సాయంత్రం కప్పు పైకి లేపితే నీ కాన్వాసు గోడలు చర్చి హార్మోనియం తిత్తిలా విచ్చుకుంటాయి. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారు. కింద వంటగట్టు, పైన పడక. నేను, దీపిక ఇద్దరమే. దీపిక హైదరాబాద్ పిల్ల, నాకంటే చిన్నది, చలికి నాకంటే ఎక్కువ ఏడుస్తుంది.

చలికాలమంతా ఇందులో మనుషులు ఉండగలరా లేదా చూసి రిపోర్టు రాయడం మా పని. నువ్వు పైకి అనవు గానీ నాకు తెలుసు, నీకు ఆ రిపోర్టు మీదే ప్రాణం. బాగుందని వస్తే ఈ బండ్లు కట్టించే బసవరాజ్ సార్ మిగతా బండ్లన్నింటికీ నీతోనే కుట్టిస్తాడు. లేదంటే బయటి నుంచి గట్టి ప్లాస్టిక్ గోడలు తెప్పిస్తాడు. అప్పుడు నీ షాపు తలుపు తెరిచినా మూసినా ఒకటే.

ఒక్క తలనొప్పి ఉంది. పొద్దున లేచేసరికి కాన్వాసు లోపలంతా నీళ్లు. మొన్న ముక్కు మీద చుక్క పడి మెలకువ వచ్చింది. పరుపు కింద చెయ్యి పెడితే తడి. "మా మామ కుట్టిన గుడారం మనల్ని చూసి ఏడుస్తోంది" అని దీపికతో నవ్వాను. దీని సంగతి వివరంగా రాద్దామనుకున్నాను, మంజునాథ్ హారన్ కొడుతున్నాడు.

ఆరోగ్యం జాగ్రత్త. పొయ్యి వెలిగించుకో, హోటల్ ఇడ్లీలతో బతకకు.

నీ గ్లోరీ


జహీరాబాద్
డిసెంబర్ 9

బిడ్డా గ్లోరీ,

ప్రభువు నిన్ను సల్లగ సూడాలె. సల్లగ అంటె గా కొండల మీద సల్లగ కాదు, నీకు తెలుసు.

నీ ఉత్తరం అందింది. ఒకపారి చదివి పక్కకు పెట్టిన. మల్ల తీసి చదివిన. అన్నం తినబుద్ది గాలె.

కారుడా? నా కుట్టు కారుడా? ఝరాసంగం రోడ్డు మీద తిరిగే ఆటోలల్ల సగం ఆటోల టాపులు నా చేతియే. ముసురు పట్టిన దినాలల్ల ఆడోళ్లు పసిపిల్లల్ని ఒళ్లె ఏసుకొని నా టాపు కింద కూసొని దవాఖానకు పోయిన్రు. ఒక్కలన్న తడిసినమని చెప్పిన్రా? నీ బండి కాన్వాసుకు నేను రెండు మడతలు మడిచి, దారానికి మైనం రుద్ది, కుట్టు మీద కుట్టు ఏసిన. నువ్వు పక్కనే ఉండి చూసినవు. ఇప్పుడు గుడారం ఏడుస్తున్నదని నవ్వుతున్నవా?

నవ్వు. నీ వయసు అట్లాంటిది. నాకు నవ్వొస్తలేదు. కండ్లు సూదిల దారం ఎక్కనిస్తలేవు. కొత్త ఆటోలు కంపెనీల్నుంచే టాపు ఏసుకొని దిగుతున్నయి, కరెంటు ఆటోలకైతె మీద రేకే ఉంటున్నది. షాపుకు వచ్చేది సీటు చినిగిందనేటోల్లు, జిప్పు పోయిందనేటోల్లు. గిది నా ఆఖరి పెద్ద పని బిడ్డా. గిది గూడ కారిందంటె నేనింక ఏం ముఖం పెట్టుకొని మిషను మీద కూసోవాలె?

నీళ్ల తొవ్వ నాకు తెలుసు. నేను, మీ అత్త పండుకునే రేకుల గది యాదికున్నదా? సలికాలమొస్తె సాలు, తెల్లారంగ మీదికెల్లి టపటప సుక్కలు, అది గూడ మీ అత్త పండుకునే దిక్కే. పాపం నారమ్మ తలకాయ కింది మెత్త జరుపుకుంట జరుపుకుంట గోడకు అంటుకునేది. నేను యేటా ఎండకాలం రేకులెక్కి తారు పోస్తుంటి. యేటా మల్ల కారుతుండె. నేను ఇడిసిపెట్టలె. మీ అత్త పోయిన యాడాది ఎండకాలం గట్టిగ పోసిన చూడు, గప్పట్నించి ఒక్క సుక్క లేదు. ఆమెకు ఆ పొడి గదిల పండుకునే నసీబు లేకపాయె, గంతే. ఎందుకు చెప్తున్ననంటె, నీళ్లు వస్తున్నయంటె యాడనో సందున్నది. సందు మూస్తె నీళ్లాగుతయి. గంతకన్న పెద్ద ముచ్చటేం లేదు.

ముందుగాల మీద ఉన్న జాలి కిటికీ మూయి. బసవరాజ్ సార్ పెట్టుమంటె పెట్టిన గని నాకది మొదట్నించి నచ్చలె. మంచిగున్న గుడ్డకు బొక్క ఎవరన్న పెడ్తరా? నేను రెగ్జిన్‌తోని లోపటికి అస్తరు కుడుతున్న, కోటు లోపట అస్తరు ఉంటది సూడు, అట్ల. పార్శిల్ జేస్త.

నీ ఉత్తరం సార్‌కు చూపియ్యలె. నువ్వు గూడ రిపోర్టు రాసుట్ల తొందరపడకు.

పైలం బిడ్డా.

నీ మామ యాకోబు


కేలాంగ్ దగ్గరి లోయ
డిసెంబర్ 12

మామా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. దారిలో మంచు పడి పోస్టు ఆగిందట. నేనే మళ్లీ రాస్తున్నాను, మొన్న సగంలో ఆపింది మనసులో గుచ్చుకుంటోంది.

ఆ నీళ్ల సంగతి. ఇక్కడ వాన లేదు మామా. మేం వచ్చాక మంచు పడింది గానీ అది పొడి మంచు, పిండిలా దులిపితే పోతుంది. బయటి నుంచి ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఆ నీళ్లు మావే. మేమిద్దరం రాత్రంతా వదిలే ఊపిరి, మరిగించే టీ, ఉడికించే అన్నం, లోపల ఆరేసే సాక్సులు, అన్నీ ఆవిరై పైకి పోయి చల్లటి కాన్వాసుకు తగిలి నీళ్లవుతున్నాయి. అన్నం గిన్నె మూత తీస్తే దాని అడుగున నీళ్లు నిలిచి ఉండవా? అదే ఇది. గిన్నెలో మేమున్నాం.

కాబట్టి ఇప్పుడు వంట బయట, తడకడ్డం పెట్టుకుని చేస్తున్నాం. వేళ్లు కొంకర్లు పోయి ఉల్లిగడ్డ పట్టు దొరకదు. సాక్సులు బండి ముందు సీట్లో ఆరేస్తున్నాం. పరుపు కింద గాలి ఆడాలని కొబ్బరిపీచు చాప పరిచాం. పొద్దున లేవగానే ఒక తువ్వాలతో గోడలు తుడవడం, బకెట్లో పిండడం, మళ్లీ తుడవడం. తుడవడానికే పుట్టామేమో అనిపిస్తోంది. నా చేతులు పగిలాయి. దీపికకు దగ్గు పట్టుకుంది.

అన్నింటికంటే పనిచేసేది నువ్వు పైన పెట్టిన ఆ చిన్న జాలి కిటికీ. అది తెరిచి పడుకుంటే గోడలు దాదాపు పొడిగా ఉంటాయి. కానీ కిటికీ ఒక్కటే కదా, గాలి లోపలికి వచ్చే దారి లేక ఆవిరి పూర్తిగా పోదు. పైగా రోజూ కొట్లాట. నేను తెరుస్తాను, దీపిక మూస్తుంది. "అక్కా, చలికి చచ్చే బదులు తడిసి చద్దాం" అంటుంది. ఆ పిల్లనీ ఏమనలేను. ఒకోసారి నేను కూడా లేచి మూసేద్దామనుకుంటాను.

అందుకని ఒక పని చెప్తున్నాను, కోప్పడకు. రెండో బండికి నువ్వు కుట్టిన కవర్‌లో పై అంచు కింద ఎదురెదురుగా రెండు జాలి కిటికీలు కోసి పెట్టు. ఒకవైపు గాలి వస్తుంది, రెండోవైపు ఆవిరి పోతుంది. రిపోర్టులో కూడా అదే రాస్తాను. కాన్వాసు గట్టిది, కిటికీలు చాలవు అని.

క్రిస్మస్‌కు అక్కడ ఉండనందుకు బాధగా ఉంది. అత్త చేసే పూర్ణాల, గారెల వాసన ఇక్కడి దాకా వచ్చినట్టు అనిపిస్తోంది. చేసే మనిషే లేదని తర్వాత గుర్తొస్తోంది.

నీ గ్లోరీ


జహీరాబాద్
డిసెంబర్ 21

గ్లోరీ,

నీ రెండో ఉత్తరం గూడ అందింది. నా ఉత్తరం నీకు అందిందో లేదో తెల్వదు. గిట్ల అటుదిటు ఇటుదటు అయితున్నది మన ముచ్చట.

ఊపిరికెల్లి నీళ్లస్తయా? అది గూడ పరుపు తడిసేటన్ని? ఎవలకు చెప్తున్నవు బిడ్డా? నేను ఏడో తరగతి దాక చర్చోల్ల మిషన్ బడిల సదువుకున్న, అంత ఎడ్డోన్ని కాదు.

నాకు అర్థమైంది. నా మొదటి ఉత్తరం చదివినవు. మామ మనసు నొచ్చింది, ముసలోడు అన్నం తింటలేడు అని ఫికర్ చేసినవు. కుట్టు కారుతున్నదని చెప్పలేక గీ ఊపిరి కత పెట్టినవు. ఉత్తరం అందలేదని గూడ రాసినవు. మీ అత్త గూడ గిట్లనే. నేను కుట్టిన బ్లౌజు సంకల పట్టేసినా "మంచిగున్నది" అని చెయ్యి లేపకుంట చర్చికి వచ్చేది. నాకు జాలి వద్దు. కారుతున్నదంటె కారుతున్నదని రాయి. నేను మల్ల కుడ్త. సచ్చేదాక కుడ్త.

కని బొక్కలు కొయ్యుమంటున్నవు సూడు, అది నాతోని కాదు. నా బతుకంత బొక్కలు మూసుటె. ఒకడు తీగ తగిలి చినిగిందని వస్తడు, ఒకడు ఎలుక కొరికిందని వస్తడు, మూసి పంపుత. నడుమ మంచిగున్న బట్టను కత్తెరతోని కొయ్యుమంటె నా చెయ్యి లేస్తదా?

నిన్న చిరాగ్‌పల్లికి పోయిన. బసవరాజ్ సార్ టేబుల్ మీద తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు, నమూనాలు. నన్ను చూసి పేపర్ కింద పెట్టిండు. మంచి మనిషి, ముఖం మీద అనడు. "ఏం యాకోబు, గ్లోరీ ఏమన్న రాసిందా?" అని అడిగిండు. "మంచిగున్నది సార్" అన్న. చాయ్ ఇప్పిచ్చిండు. తాగి ఇంటికొచ్చిన.

అస్తరు పార్శిల్ చేసిన. గీ ఉత్తరం కన్న ముందే వస్తదేమో. సందు లేకుంట కుట్టిన, మీది జాలి గూడ దాని ఎనుకకే పోతది. సుట్టూత కొక్కాలున్నయి, తగిలిచ్చుడే. కండ్లు సరిగ్గ కనిపియ్యకున్న ఏలితోని తడిమి తడిమి కుట్టిన. మామ మీద జర గౌరవముంటె కట్టు. కట్టినంక గూడ నీళ్లస్తె, నేను మిషను అమ్మేస్త, నిన్ను ఇంకోపారి అడగ.

క్రిస్మస్‌కు చర్చిల నీ జాగల ఎవరు పాడుతున్నరో నాకు తెల్వదు. నాకు ఎట్లనన్న వినబడదు. పండుగ మంచిగ చేసుకోన్రి.

యాకోబు


కేలాంగ్
4 జనవరి 2025

మామా,

ఇది బండిలోంచి కాదు, ఊళ్లో మంజునాథ్ గది నుంచి రాస్తున్నాను. ముందే చెప్తున్నాను, నేను బాగున్నాను. దీపిక బాగుంది. ఈ రెండు వాక్యాలు చదివాక నీళ్లు తాగి మిగతాది చదువు.

నీ పార్శిల్, నీ రెండు ఉత్తరాలు అన్నీ ఒకేసారి వచ్చాయి. పోస్టులో ఇరుక్కుని కలిసి దిగాయి. అంటే నేను డిసెంబర్లో రాసింది నీ ఉత్తరం చదివి రాసింది కాదు మామా. నీ మీద జాలితో రాసింది కాదు. నిజమని రాశాను. నువ్వు నమ్మలేదు.

అస్తరు చూసి దీపిక ఎగిరి గంతేసింది. ముట్టుకుంటేనే వెచ్చగా ఉంది అంది. నేను వద్దనాలి. నాకు తెలుసు, జాలి మూతబడుతుందని తెలుసు. కానీ "మామ మీద జర గౌరవముంటె కట్టు" అని రాశావు. తడిమి తడిమి కుట్టానని రాశావు. కుట్టు చూశాను, ఎక్కడా వంకర పోలేదు. ఒక్కరోజు కట్టి, ఫోటో తీసి, నీకు పంపి, విప్పేద్దామనుకున్నాను. అదీ నా తెలివి.

ఆ మధ్యాహ్నం బయట మంచు కొడుతోంది. కొక్కాలన్నీ తగిలించి, తలుపు జిప్పు వేసి, గ్యాస్ హీటర్ వెలిగించి రిపోర్టు రాయడానికి కూర్చున్నాం. మామూలుగా పైన జాలి తెరిచి, కాసేపే వెలిగించి ఆర్పేస్తాం. ఆ రోజు గోడలు నిజంగా వెచ్చగా ఉన్నాయి. కాసేపటికి రెగ్జిన్ మీద నీళ్లు ధార కట్టాయి, అంత నీరు ఇంతకుముందెప్పుడూ చూడలేదు. నాకు తల పగిలిపోతున్నట్టు నొప్పి. చలి వల్ల అనుకున్నాను. దీపిక వాంతి చేసుకుంది. లేచి నీళ్లిద్దామంటే నా కాళ్లు నా మాట వినలేదు. అప్పుడైనా హీటర్ ఆర్పాలని తోచలేదు. నిద్రొస్తోంది, ఎంత హాయిగా ఉంది అనుకున్నాను.

మంజునాథ్ డీజిల్ తెచ్చాడు. పిలిస్తే పలకలేదట. జిప్పు లాగి మమ్మల్ని కాళ్లు పట్టి మంచులోకి ఈడ్చాడు. అతను మంచు ఎక్కువైందని ఆ రోజు రాకుండా ఉంటే, ఈ ఉత్తరం నీకు వేరే ఎవరో రాసేవాళ్లు. మూసిన చోట హీటర్ గాలిని తినేసి విషపు గాలి వదిలిందని ఇక్కడి డాక్టరు చెప్పాడు. ఆయన మమ్మల్ని తిట్టిన తిట్లు హిందీలో ఉన్నాయి కాబట్టి నీకు రాయను.

దీపిక వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్తున్నాడు. నేను ఉంటాను. ఇంకొకరిని పంపుతామన్నారు.

రిపోర్టు పంపేశాను మామా. దాచలేదు. కాన్వాసు కుట్టులో ఎక్కడా చుక్క దిగలేదని రాశాను, అది నిజం. లోపల గాలి ఆడకుండా అస్తరు కట్టడం వల్ల ప్రాణం మీదికి వచ్చిందని రాశాను, అదీ నిజం. ఎవరు కుట్టారో రాయలేదు. సార్ అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. నీ మీద కోపం లేదు అని రాద్దామనుకున్నాను. ఉంది. పుట్టినప్పటి నుంచి నీకు తెలిసినదాన్ని, అయినా నువ్వు నా మాట నమ్మలేదు; నేను నీ మాట కాదనలేకపోయాను. ఇద్దరం కలిసి పరాయింటి పిల్లను చంపేవాళ్లం. అలసిపోయాను మామా. తుడిచి తుడిచి, రాసి రాసి అలసిపోయాను.

ఒక్కటి చెయ్యి. చిరాగ్‌పల్లి షెడ్డులో రెండో బండి ఉంది కదా. ఒక్క రాత్రి అందులో పడుకో. హీటర్ వద్దు, పొయ్యి వద్దు, ఊరికే జిప్పులన్నీ వేసి పడుకో. జనవరిలో కోహీర్ వైపు నుంచి వచ్చే చలి చాలు. పొద్దున గోడ మీద చెయ్యి పెట్టి చూడు. తర్వాత నన్ను ఏమన్నా అను.

గ్లోరీ


జహీరాబాద్
జనవరి 19

నా బిడ్డా,

నీ ఉత్తరం షాపుల చదివిన. చదివి మిషను మీద తలకాయ పెట్టుకొని అట్లనే ఉన్న. జిప్పు కోసమొచ్చిన ఆయన నన్ను చూసి పాణం బాలేదనుకొని మల్ల వస్తనని పోయిండు.

నువ్వు కోపం ఉన్నదని రాసినవు. ఉండనియ్యి. నీకు ఎంత కోపముంటె నాకు గంత నిమ్మళం. కోపం చేసేందుకు నువ్వు ఉన్నవు గద.

గా దినమే షేర్ ఆటో ఎక్కి చిరాగ్‌పల్లికి పోయిన. బసవరాజ్ సార్ అడగకముందే చెప్పిన. "సార్, అస్తరు నాది. కట్టుమని నేనే మొండికేసిన. పిల్లల తప్పు లేదు." సార్ "యాకోబు, గా ఇద్దరికి ఏమన్న అయితే నేను షెడ్డుకు తాళం ఏసుకునేటోన్ని" అన్నడు. "నేను గూడ సార్" అన్న. దీపిక వాళ్ల నాయినకు ఫోన్ కలిపిచ్చుమన్న. ఆయన ఏమన్నడో నాకు వినబడలె, సార్ గూడ చెప్పలె. నేనైతె దండం పెట్టిన, ఫోన్ల కనబడదని తెలిసి గూడ.

గటెన్క నువ్వు చెప్పినట్టు రెండో బండిల పండుకున్న. సార్ వద్దన్నడు, ముసలోనివి, సలి శానున్నది అన్నడు. ఇన్లె. జిప్పులన్ని ఏసిన, నా కుట్టును నేనే తడిమి సూసుకున్న, గాలి పోయే సందు లేదు. మురిసిన గూడ, ఎందుకు అబద్దం చెప్పాలె. దుప్పటి కప్పుకొని పండుకున్న.

తెల్లారినంక మీద చెయ్యి పెట్టిన. బిడ్డా, గోడ తడి. ఏలితోని గీత గీస్తె నీళ్లు జారి మోచేతి దాక వచ్చినయి. నా మెత్త తడి, మీసం తడి. జిప్పు తీసి బయటికొచ్చి కాన్వాసు మీది దిక్కు ముట్టుకున్న. ఎండిన జొన్నరొట్టె లెక్క ఉన్నది. ఆకాశంల ఒక్క మబ్బు లేదు. ఒక్కన్ని, ముసలోన్ని, పొయ్యి ముట్టియ్యలె, నోరిప్పి మాట్లాడలె. ఉత్త పండుకున్న. గన్ని నీళ్లు నా లోపట్నించే వచ్చినయి.

నువ్వు అబద్దం చెప్పలె. నా జిందగీల వాన ఎప్పుడు బయట్నించే వచ్చింది. లోపట్నించి గూడ వస్తదని నాకెవరు చెప్తరు? నువ్వు చెప్పినవు. నేను ఇన్లె.

గా పొద్దుగాలనే కత్తెర అడిగిన. సుద్దతోని గీత గీసుకున్న. సార్ "నేను కొయ్యన్నా?" అన్నడు. వద్దన్న. నా గుడ్డను నేనే కోసిన. మీది అంచు కింద ఎదురెదురు రెండు కిటికీలు, జాలి ఏసి, మీద వాన ఆగేటట్టు రెప్పలు కుట్టిన. మల్ల గా బండిలనే పండుకున్న. తెల్లారి సూస్తె అంచులకు జర సెమ్మ, గంతే. సలికైతె పండ్లు కొట్టుకున్నయి. దీపిక మాట యాదికొచ్చి నవ్విన.

సార్ నీ రిపోర్టు చదివిండు. ప్లాస్టిక్ నమూనాలు ఎనుకకు పంపిండు, అవి ఇంక ఎక్కువ చెమట పడ్తయట. మిగిలిన బండ్లకు గూడ నన్నే కుట్టుమన్నడు, ప్రతి ఒక్కదానికి కిటికీలు కొయ్యాలె అని షరతు. సరే అన్న. ముందుగాల అయితె గీ మాటకు షాపుల మిఠాయి పంచుదును. ఇప్పుడు సప్పుడు చెయ్యకుంట ఇంటికొచ్చిన. కొత్త కవరు వస్తున్నది, అస్తరు కాలవెట్టు. కాదు, కాలవెట్టకు, రెగ్జిన్ పొగ మంచిది కాదు. బొంద పెట్టు.

ఇంకొక ముచ్చట. గిది రిపోర్టుల రాయనవసరం లేదు, నీకే.

ఇంటికొచ్చి రేకుల గదిల పండుకున్న. నిద్ర రాలె, మీదికే సూస్తున్న. పొడిగ ఉన్నయి రేకులు. నా తారు పట్టింది అనుకుంట ఇన్నేండ్లు మీదికి సూసినప్పుడల్ల మురిసిన. నీకు ఉత్తరంల గొప్పలు గూడ చెప్పిన. ఆమె ఉండంగ కారిన గది ఆమె పోంగనే ఎట్ల ఆగిందని నేనొక్కనాడు సోచాయించలె.

నా దగ్గుకు సలి తగులొద్దని మీ అత్త సలికాలం కిటికీ సందులల్ల పాత చీర కుక్కేది. తెల్లారకముందు మబ్బుల్నే లేసి గా మూలకే, ఆమె మెత్త దిక్కే, పొయ్యి మీద నాకు నీళ్లు కాగపెట్టేది. అన్నం గూడ గా గదిలనే. ఇప్పుడు పొయ్యి లేదు, నీళ్లు కాగపెట్టేటోల్లు లేరు, చీర ఎవరు కుక్కుతరు.

రేకులకు బొక్క ఎన్నడు లేకుండె. తారు పట్టలె బిడ్డా. అప్పుడు ఇద్దరం ఉంటిమి, గంతే.

నీ మామ
యాకోబు